కోత చీటీలో రాయని మూల

"ఇంకోసారి చెప్పండి. ఈ ఫొటోలోంచి మీరు ఏమేం కోసేశారు?"

"ఇప్పటికి మూడుసార్లు చెప్పాను సార్."

"నాకు మతిమరుపు ఎక్కువ. నాలుగోసారి చెప్పండి."

ఆవిడ నా మొహం చూడలేదు. బల్ల మీదున్న చీటీని చూస్తూ అప్పజెప్పింది. "ఎడమ పక్క ఖాళీ గోడ. కుడి పక్క నీళ్ల డ్రమ్ము, సగం కిటికీ. కింద నేల, చెత్త. అంతే."

అది దినపత్రిక ఆఫీసులో ఫొటోల గది. కిటికీ లేదు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకి గడియారం. పదకొండూ నలభై అయింది. ఇరవయ్యేళ్లుగా ఆ గదిలో కూర్చుని ఫొటోలకి అంచులు కోస్తోంది కనక ఆఫీసులో అందరూ ఆవిణ్ని కత్తెరమ్మ అంటారు. నేను ముందు కూర్చుని అడుగుతుంటే ఆవిడ భయపడుతోంది.

నిజం చెప్పొద్దూ, నేనూ భయపడుతున్నాను. భయపడని డిటెక్టివ్ ఎక్కడైనా ఉంటే చూపించండి, వెళ్లి దండం పెట్టొస్తాను. నాకు మామూలుగానే భయం, ఆ రోజు మరీ భయం. మధ్యాహ్నం మూడున్నరకి ఒక మనిషిని చంపబోతున్నారు. ఎక్కడ చంపుతారో తెలుసు, ఎవరు చంపుతారో తెలుసు. ఆపడం ఎలాగో ఒక్కటే తెలియదు.

సంగతి ఇది. ముందు రోజు పదకొండు గంటలకి, రెడీమేడ్ బట్టలు కుట్టే ఒక కంపెనీలో మంటలు లేచాయి. వెనక తలుపుకి బయటి నుంచి తాళం. లోపల చిక్కుకుని నలుగురు ఆడవాళ్లు పోయారు. తెల్లారేసరికి ఈ పేపరు మొదటి పేజీలో ఫొటో వచ్చింది. మూసిన తలుపు, దాని మీద రెండు చేతులూ వేసి ఆ కంపెనీ ఫోర్‌మన్, తలుపు అద్దంలో లోపలి నుంచి ఆనించిన ఒక అరచెయ్యి. కింద పెద్ద అక్షరాల్లో 'చావు తలుపు మూసిన చేతులు'. ఆ ఫొటో చూసి రక్తం మరగనివాడు మనిషి కాడు. నాకూ మరిగింది.

తొమ్మిదింటికి ఫోర్‌మన్ భార్య నా ఆఫీసుకి వచ్చేదాకా మరుగుతూనే ఉంది. తనూ ఆ కంపెనీలోనే పనిచేస్తుందట, నిన్న జ్వరంతో ఇంట్లో ఉండిపోయిందట. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆయన తలుపు మూయడం లేదన్నా. తీస్తున్నాడు. ఆయన అటువంటివాడు కాదు. మొత్తం ఫొటో దొరికితే మీకే తెలుస్తుంది. దొరకగానే ముందు నాకు చూపించండి" అంది. సరే చెల్లెమ్మా అన్నాను. ఏడ్చే ఆడపిల్ల అన్నా అంటే నా బుర్ర పనిచెయ్యడం మానేస్తుంది, అది నాకున్న జబ్బు.

పోలీసులు రాత్రే అరెస్టు చేసిన ఆ ఫోర్‌మన్‌ని మూడున్నరకి కోర్టుకి తీసుకెళ్తారు. కోర్టు గేటు ముందు పొద్దుటి నుంచే జనం. చేతుల్లో ఈ పేపరు, దాని కింద రాళ్లు.

"మీ చీటీ పద్ధతి బావుంది" అన్నాను కత్తెరమ్మతో. మెచ్చుకోలు నిజమే. ఆవిడ ఏ ఫొటో అంచు కోసినా ఒక చీటీ రాస్తుంది. ఏం పోయింది, ఎందుకు పోయింది, ఎవరు కోశారు, మూడు గళ్లు. కారణం రాయలేని కోత కొయ్యకూడదని ఆవిడ తనకి తాను పెట్టుకున్న నియమం. "ఇరవయ్యేళ్లలో ఒక్క చీటీ కూడా తప్పలేదా?"

"ఒక్కటీ తప్పలేదు సార్."

"అయితే ఈ బల్బు సంగతేమిటి?"

ఫొటో పైభాగంలో, సజ్జా కింద వైరుకి ఒక బల్బు వేలాడుతోంది. పేపరు ఆవిడ ముందుకి జరిపాను. తలుపు కొలబద్ద పెట్టి గీసినంత నిటారుగా ఉంది. బల్బు వైరు మాత్రం ఒక పక్కకి వాలి ఉంది.

ఆవిడ చూసింది. చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను... సరిచేశాను సార్."

"సరిచెయ్యడమంటే?"

"పక్క మేడ మీద ట్యాంకు బాగుచెయ్యడానికొచ్చిన ప్లంబరు సెల్‌ఫోన్‌తో తీశాడు. కంగారులో తీశాడు కదా, బొమ్మంతా ఒరిగిపోయి ఉంది. వంకర ఫొటో వేస్తే మా ఎడిటరు పెద్దాయన ఊరుకోడు. అలాంటప్పుడు బొమ్మలో ఏదో ఒక పొడవాటి గీత చూసుకుని, అది నిటారుగా వచ్చేదాకా తిప్పుతాం. తలుపు అంచు కనిపించింది. దానికి తిప్పాను. ఆ తరవాతే అంచులు కోశాను."

"తిప్పినట్టు చీటీలో లేదే?"

"తిప్పడం కోత కాదు కదా సార్" అంది. అనేసి, తను అన్న మాట తనకే వినిపించినట్టు ఆగిపోయింది.

నేను బల్ల మీదున్న ఒక తెల్లకాగితం తీసి, ఇంకో కాగితం మీద ఐమూలగా పెట్టాను. కింది కాగితం మూలలు నాలుగూ బయటికి పొడుచుకొచ్చాయి. వాటిని వేలితో తట్టాను. ఇరవయ్యేళ్ల పనిమంతురాలికి నేను చెప్పాల్సిన పాఠం కాదు. ఈ పనిలో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. కోతని కోతగా చూసి చూసి, సవరింపులో కూడా కోత ఉంటుందన్న సంగతి మర్చిపోయింది.

"మూలలు పోవడం ఒకటి. అంతకంటే పెద్దది ఇంకోటుంది" అన్నాను. "బల్బు ఎప్పుడూ కిందికే వేలాడుతుంది. అది నిటారుగా వచ్చేలా తిప్పి ఉంటే తలుపు ఎలా ఉండేది?"

"ఒరిగి ఉండేది" అంది.

"తాళం వేసి మూసిన తలుపు ఒరగదమ్మా. పై మడతబందు ఊడితే ఒరుగుతుంది. అతను దాన్ని పీకుతున్నాడు. మీరు ఆ తలుపుని మళ్లీ నిలబెట్టి మూసేశారు."

ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే బావుండేది. గోడ వంక చూస్తూ అలా కూర్చుండిపోయింది. నాకు ఆవిడ మీద కోపం రావాలి, రాలేదు.

"ప్లంబరు ఫోన్?"

"భయంలో ట్యాంకులో పడేసుకున్నాడట. పనికిరాదు."

"మీకు పంపిన ఫొటో?"

"చెరిపేశాను."

"ఎందుకు?"

తలుపు వంక చూసి గొంతు తగ్గించింది. "పొద్దుటి నుంచి నాకు మూడు ఫోన్లు వచ్చాయి సార్. ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నారు. మగో ఆడో కూడా తెలియదు. 'మూలలో ఏముందో చూశావా' అని ఒక్క మాట. పెట్టేస్తున్నారు. మళ్లీ చేస్తున్నారు."

పేపర్లో వచ్చిన ఫొటోలో ఆ మూల లేదు. చీటీలోనూ లేదు. ఫొటో పంపిన ప్లంబరుని పక్కన పెడితే, మూల అనేది ఒకటుందని ఆ టైముకి ఆ తలుపు ముందు నిలబడ్డ మనిషికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీల్లేదు. ఆ మనిషి దగ్గర ఈవిడ నంబరు కూడా ఉంది.

నా నంబరు చీటీ వెనక రాసిచ్చి లేచాను. "ఫొటో తీసిన టైము గుర్తుందా?"

"పదకొండూ ఎనిమిది" అంది తడుముకోకుండా. చెరిపేసిన ఫొటో టైము అంత గట్టిగా గుర్తుండటం నాకు వింతగా తోచింది. కానీ అప్పుడు గుచ్చి అడగలేదు.

కంపెనీ వెనక వాకిట్లోకి వెళ్లేసరికి పన్నెండున్నర. కాలిన బట్ట కంపు గొంతులో పట్టుకుంది. వాకిట్లో నా కంటే ముందే ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. మా అక్క మొగుడు. చిన్నప్పట్నించీ నేను ఏది ఎడమంటే ఆయన అది కుడంటాడు. పెళ్లిపీటల మీద కూడా నాతో పోట్లాడిన ఘనుడు.

"రావయ్యా బావమరిదీ. ఇంకా ఈగలు వాలలేదేమా అనుకుంటున్నా."

"ఫోర్‌మన్‌కి ఏం సంబంధం లేదు బావా."

"అలాగా? పాపం ఆ సంగతి అతనికి తెలీదు. రాత్రే ఒప్పుకున్నాడు. తాళం నేనే వేశాను, తాళంచెవి నా దగ్గరే ఉండింది, అన్నాడు. అదే మాట పదిసార్లు అన్నాడు. ఇంకేం అడిగినా నోరు విప్పడు."

ఒప్పుకున్నాడని ఆ భార్య నాకు చెప్పలేదు. అయినా మొండికేశాను. "చెవి ఏది మరి?"

"పారేశానంటున్నాడు. వెతికిస్తున్నా."

ఆ కంపెనీలో తాళానికి ఒక పద్ధతి ఉంది. కుట్టిన బట్టలు వెనక తలుపు గుండా పోతున్నాయని మేనేజరుకి అనుమానం. అందుకని రోజూ పదకొండింటి నుంచి పావుగంట, బండిళ్లు చూసుకునే టైములో ఆ తలుపుకి బయటి నుంచి తాళం వేయిస్తాడు. చెవుల గుత్తి వారానికొకళ్లకి ఇస్తాడు. ఎవరికిచ్చాడో మిగతావాళ్లకి చెప్పడు, చెప్పనివ్వడు. తెలిస్తే బతిమాలి తీయించుకుంటారని. ఆ మేనేజరు నిన్న మంటలు లేచినప్పటి నుంచి పత్తా లేడు.

"చెవి జేబులో ఉన్నవాడు తాళం తీస్తాడు గానీ, తలుపు బందులు పీకుతాడా బావా?"

"పీకాడని ఎవరన్నారు? తలుపు పగలగొట్టింది ఫైరింజన్‌వాళ్లు."

"వాళ్లు ఎన్నింటికొచ్చారు?"

"ముందు గేటు దగ్గరికి పదకొండూ ఇరవై ఒకటికి. వెనక్కి వచ్చేసరికి పదకొండూ నలభై. అప్పటికి మంట ఆరింది, పొగ కూడా తగ్గింది. నా రిపోర్టులోనే ఉంది, చదువుకో."

తలుపు వాకిట్లో పడి ఉంది. దాన్ని దాటుకుని గుమ్మం దగ్గరికి వెళ్లాను. లోపలి వైపు నుంచి ద్వారబంధం మీద మసిలో వేళ్ల గుర్తులున్నాయి. అడుగున, మోకాలి ఎత్తులో కూడా ఉన్నాయి. అంత కిందికి ఎందుకున్నాయో ఆలోచించకూడదనుకుంటూనే ఆలోచించాను. గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాను.

"ఏమయింది?" అన్నాడు బావ. ఆ ఒక్క మాటలో వెటకారం లేదు.

"ఇలా రా. ఈ పై బందు చూడు. స్క్రూలతో సహా చెక్క చీలి ఊడొచ్చింది. చీలిన చోట చెక్క ఏ రంగు?"

"నలుపు."

"కింది బందు?"

వంగి చూశాడు. గొడ్డలి దెబ్బలు, చీలిన చెక్క పచ్చిగా, తెల్లగా ఉంది.

"కింది బందు ఊడేసరికి పొగ లేదు, అందుకే తెల్లగా ఉంది. అది నీ ఫైరింజన్‌వాళ్లు పగలగొట్టారు. పై బందు ఊడేసరికి దాంట్లోంచి పొగ వస్తోంది. చీలికలోకి మసి పట్టింది. అంటే వాళ్ల కంటే చాలా ముందే ఎవరో పీకారు. పదకొండూ ఎనిమిదికి ఆ తలుపు మీదున్న చేతులు ఎవరివి?"

"పేపర్లో తలుపు నిక్షేపంగా ఉంది."

"ఫొటో తిప్పారు. బల్బు వంకర చూడలేదా?"

"గాలికి ఊగి ఉంటుంది."

జేబులోంచి దారం తీసి, చివర నా స్కూటరు తాళంచెవి కట్టి, గోడనున్న నీళ్ల పైపు పక్కన వేలాడదీశాను. దారం, పైపు సమానంగా నిలిచాయి. పేపరు విప్పి అదే పైపుని చూపించాను. బల్బు వైరు ఎంత వాలిందో పైపూ అంతే వాలింది.

"గాలికి పైపు కూడా ఊగిందా బావా?"

ఆయన చాలాసేపు పైపునే చూశాడు. మా బావ మూర్ఖుడే గానీ చెడ్డవాడు కాదు. మీసం కొరుక్కుంటూ గొంతు తగ్గించాడు.

"సరే, నువ్వన్నదే నిజమనుకుందాం. చెయ్యనివాడు ఎందుకు ఒప్పుకున్నాడు?"

నేను దారం చుట్టి జేబులో పెట్టుకున్నాను.

"నాకు ఆరుగురు కానిస్టేబుళ్లున్నారు. గేటు దగ్గర మూడు వందల మంది. మసి పట్టిన చెక్కముక్క చూపించి వాళ్లకేం చెప్పను? వాళ్లు నమ్మింది ఫొటో. ఫొటోయే కావాలి. కోత లేనిది, తిప్పనిది, మొత్తం. మధ్యాహ్నం ఎడిషన్‌లో పడితే జనమే నోరు మూసుకుంటారు. లేదంటే మూడున్నరకి ఆ జీపు వెళ్లక తప్పదు."

"గంట ఆపలేవా?"

"కోర్టు నా అత్తగారిల్లా?" అని విసుక్కుని, వెళ్తూ వెళ్తూ ఆగాడు. "మీ అక్క ఆదివారం భోజనానికి రమ్మంది."

"అతను బతికుంటే వస్తానని చెప్పు."

ఆ మాటకి ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. ఆయనకీ భయంగానే ఉంది.

ఒంటిగంటా యాభైకి నా ఫోన్ మోగింది. కత్తెరమ్మ.

"సార్, చెరపలేదు. అబద్ధం చెప్పాను. నా దగ్గరే ఉంది, తొందరగా రండి. మళ్లీ ఫోన్ చేశారు."

రెండూ పదికి ఫొటోల గదిలో ఉన్నాను. ఆవిడ లోపల గడియ పెట్టి, చేతిరుమాలు ముడి విప్పి పెన్‌డ్రైవ్ తీసింది. "పొద్దున పేపర్లో చూశాక నాకే అనుమానం వచ్చింది సార్. అసలు ఫొటో తెరిచి మళ్లీ చూశాను. నిన్న పేజీ మూసి అచ్చుకి పంపడానికి పది నిమిషాలే ఉంది, చిన్నదిగా తెరిచి తిప్పేశాను, ఆ మూల పొగలో చీకటిగా ఉంది, గమనించలేదు. పొద్దున వెలుగు పెంచి చూస్తే అక్కడ మనిషి ఉంది. అప్పుడే మొదటి ఫోన్ వచ్చింది. నాకు ప్రాణం పోయినంత పనయింది."

"మనిషి ఎవరు?"

"తెలియదు."

ఫొటో తెరిచింది. పైపు నిటారుగా వచ్చేదాకా తిప్పింది. ఈసారి మూలలు పోకుండా, చుట్టూ తెల్లటి ఖాళీ వదిలి తిప్పింది. నా కళ్ల ముందు ఆ మూసిన తలుపు మెల్లగా ఒరిగి తెరుచుకుంది. పేపరు అచ్చులో నీడలా కలిసిపోయిన పైభాగంలో జానెడు సందు. సందులోంచి నల్లటి పొగ, పొగలో లోపలి నుంచి నాలుగు వేళ్లు. ఫోర్‌మన్ ఒక కాలు గోడకి తన్నిపెట్టి, రెండు చేతులతో తలుపుని లాగుతున్నాడు. కాళ్ల దగ్గర ఒక ఇనుప కడ్డీ. ఆవిడ చీటీలో చెత్త అని రాసింది దాన్నే.

"బతికాడు" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ క్షణంలో లేచి గంతెయ్యాలనిపించింది.

"కింది మూల చూడండి సార్."

వెలుగు పెంచింది. ఎడమ పక్క కింది మూలలో, తలుపుకి నాలుగడుగుల దూరంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. రెండు చేతులతో గుండెకి హత్తుకుని పట్టుకున్నది ఒక తాళంచెవుల గుత్తి.

నిన్న జ్వరంతో ఇంట్లో ఉన్నానని ఈ పొద్దున నా ఎదురుగా నిలబడి చెప్పిన మనిషి ఆమె. నన్ను అన్నా అని పిలిచిన మనిషి. మొత్తం ఫొటో ముందు తనకే చూపించమని ఎందుకందో, లాకప్‌లో ఆ మొగుడు చెయ్యని నేరం ఎందుకు నెత్తిన వేసుకున్నాడో, నోరు ఎందుకు విప్పడం లేదో, అన్నీ ఒక్కసారి తెలిశాయి. తెలియకపోయినా బావుండేది.

"ఎవరు సార్?"

"అతని భార్య."

గడియారంలో రెండూ ఇరవై మూడు. రెండూ నలభై అయిదుకి ఎడిషన్ పేజీ మూసేస్తారు.

"ఆ మూల కోసెయ్యండి" అన్నాను.

ఆవిడ నా వంక చూసింది.

"మిగతాది చాలు కదా? కడ్డీ ఉంది, సందు ఉంది, వేళ్లున్నాయి. అతను బతుకుతాడు. ఆమె కూడా బతుకుతుంది. ఆ మూల పడితే ఆ రాళ్లన్నీ ఆమె మీదికి తిరుగుతాయి. ఆమె నా దగ్గరికి కాపాడమని వచ్చిందమ్మా. కోసెయ్యండి."

"నిన్న తెలియక కోశాను సార్. ఇవాళ తెలిసి కొయ్యమంటున్నారు."

"పోనీ మొహం ఒక్కటీ మసక చెయ్యండి."

"చేస్తే? ఎవరో ఉన్నారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. ఆ కంపెనీలో పనిచేసే ప్రతి ఆడమనిషి ఇంటి ముందూ జనం నిలబడతారు. కోసేస్తే రేపు పోలీసులే అడుగుతారు, ఈ ఫొటోలో ఇంకేం దాచారని. నిన్నటిదీ అబద్ధం, ఇవాళ్టిదీ అబద్ధం అయితే, ఆ తలుపు తెరుచుకుందని మాత్రం ఎవడు నమ్ముతాడు?"

"నీతులు తరవాత చెప్పండి. ప్రాణం పోతుంది!" అని అరిచాను. అరిచినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆవిడ తిరిగి అరవలేదు. సొరుగు లాగి కొత్త చీటీ ఒకటి తీసి, కలంతో సహా నా ముందు పెట్టింది.

"నేను కోస్తాను. మీరు రాయండి. ఏం పోయింది, ఎందుకు పోయింది."

కలం తీసుకున్నాను. మొదటి గడిలో 'ఒక ఆడమనిషి, తాళంచెవులు' అని రాశాను. రెండో గడి దగ్గర ఆగాను. జాలి అని రాయనా? చెల్లెమ్మ అన్నాను కనక అని రాయనా? ఆ నాలుగు వేళ్లు తెర మీద నుంచి కనిపిస్తూనే ఉన్నాయి. ఆ వేళ్ల మనిషికి కూడా అన్నో తమ్ముడో ఉండి ఉంటాడు, ఆ గేటు దగ్గర నిలబడి ఉంటాడు. కలం కింద పెట్టేశాను.

"నావల్ల కాదు" అన్నాను.

"నావల్లా కాదు" అంది ఆవిడ. "మొత్తం వేస్తాను. నిన్న నేను చేసిన తప్పు కూడా కింద రాస్తాను. కానీ ముందు ఆమెని ఎక్కడైనా దాచండి సార్. మీకు దండం పెడతాను. ఎడిషన్ బయటికెళ్లేలోపు దాచండి."

నేను ఫోన్ తీసేలోపు అదే మోగింది, కత్తెరమ్మకీ వినపడాలని స్పీకరు నొక్కాను. ఆమే.

"అన్నా, దొరికిందా?"

"దొరికిందమ్మా. నువ్వెక్కడున్నావు?"

"మొత్తం దొరికిందా?"

ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పడానికి నాకు అర సెకను టైముంది. చెప్పలేకపోయాను. "మొత్తం" అన్నాను.

కాసేపు ఊపిరి మాత్రం వినిపించింది. ఊపిరి వెనక జనం గోల.

"పేపరు ఆఫీసులో నంబరు కనుక్కుని ఆవిడకి ఫోన్లు చేసింది నేనేనన్నా. పొద్దున మీ దగ్గరికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, అలా... ఫొటోలో నేను పడ్డానో లేదో తెలుసుకుందామని. ఆవిణ్ని భయపెట్టాలని కాదు. క్షమించమని చెప్పండి."

"అవన్నీ తరవాత. ఎక్కడున్నావో చెప్పు."

"పదకొండింటికి మేనేజరుగారు చెప్పినట్టే తాళం వేసి గోడౌనుకి వెళ్లాను. పొగ చూసి పరిగెత్తుకొచ్చాను. గుత్తిలో పద్దెనిమిది చెవులున్నాయన్నా. రోజూ తీసే తాళమే, ఏ చెవో గుర్తు రాలేదు. లోపల నుంచి పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆయన ఇటియ్యవే ఇటియ్యవే అని అరుస్తున్నాడు. ఇవ్వలేదు. నా చేతులు విడలేదు. లాక్కోబోయినా విడలేదు. భయం వేసిందన్నా. అంతే, ఇంకేం లేదు. భయం వేసింది."

"తప్పు నీది ఒక్కదానిదీ కాదు. ఆ తలుపుకి తాళం వేయించినవాడిది. నేను సాక్ష్యం చెప్తాను. ఇప్పుడు మాత్రం అక్కణ్నించి వెళ్లిపో. వింటున్నావా? ఎక్కడున్నా సరే, వెళ్లిపో."

"కోర్టు గేటు దగ్గరున్నానన్నా. జీపు ముందే తెచ్చేశారు. మలుపు తిరిగింది."

గడియారం చూశాను. రెండూ ముప్పై ఒకటి. బావ గంట ముందే బయల్దేరాడు. జనం మూడున్నర అనుకుంటారని, తొందరగా లోపలికి చేర్చేద్దామని అనుకుని ఉంటాడు. మంచికే చేసి ఉంటాడు, ఆయన మంచికి చేసినవన్నీ ఇలాగే ఏడుస్తాయి.

కత్తెరమ్మ అప్పటికే బల్ల మీది ఫోన్ అందుకుని ఇన్‌స్పెక్టరు నంబరు తిప్పుతోంది. "ఎత్తడం లేదు సార్, ఎత్తడం లేదు" అంటోంది.

"మీ పేపరు వచ్చేదాకా ఆగరు వీళ్లు" అంది ఫోన్లో ఆమె. గొంతులో వణుకు ఆగిపోయింది. దానికే నాకు అన్నిటికంటే భయం వేసింది. "రాళ్లు ఎత్తారు. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. ఇటు చూడటం లేదు."

"చెల్లెమ్మా, నా మాట విను. నోరు విప్పకు. అయిదు నిమిషాలు. నేను వచ్చేస్తున్నా—"

"ఆ మూల కోయకండన్నా" అంది. ఫోన్ పెట్టెయ్యలేదు. చేతిలోనే పట్టుకుని నడుస్తోంది. జనం గోల దగ్గరయింది, అడుగుల చప్పుడు, ఎవరో తోసినట్టు ఒక కేక. ఆ తరవాత ఆమె గొంతు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి గొంతు, చీలిపోయేంత గట్టిగా వినిపించింది.

"ఆగండి! ఆయన కాదు! తాళం వేసింది నేను! చెవులు నా దగ్గరున్నాయి, ఇవిగో!"

గోల ఆగిపోయింది. మూడు వందల మంది ఒక్కసారి నోరు మూశారు. కత్తెరమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను ఫోన్‌లో ఆమెని పిలుస్తూనే ఉన్నాను, ఆమె వినడం లేదు.

అప్పుడు ఒక ముసలాయన గొంతు, ఫోన్‌కి చాలా దగ్గరగా, కోపమేమీ లేకుండా అడిగింది.

"లోపల నుంచి మా అమ్మాయి నిన్ను పిలిచిందా తల్లీ?"

"పిలిచింది" అంది ఆమె.